అంబర్‌పేట, అయిదున్నర

ముందుగా దేవునికి స్తోత్రం. ఆకాశంలో చుక్కలను, నేల మీద ఇసుక రేణువులను లెక్క తెలిసి చేసినవాడు ఆయన. ఏ ఒక్కదాన్నీ ఇంకొకదానిలో కలిపి మరచిపోడు. జనాన్ని గుంపుగా చూస్తూనే ఒక్కొక్కరినీ పేరు పెట్టి ఎరిగినవాడు. నా చేతులకు ఒక చిన్న పని ఇచ్చి, ఆ పనిలో నేను తప్పు చేసిన రోజున నా కళ్ళు తెరిపించి, ఆ తప్పును నా చేతులతోనే దిద్దించిన ఆ తండ్రికి బతికినన్నాళ్ళూ కృతజ్ఞురాలిని. ఈ మాట చెప్పకుండా ఆ సంగతి మొదలుపెట్టడానికి నాకు మనసొప్పదు.

అరవైల చివరి రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. మెదక్ వైపు ఒక పల్లెలో మా నాయన ఉపదేశి. అయిదూళ్ళ సంఘాన్ని కాలినడకన చూసుకునేవాడు. నేను తార్నాకలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి, యూనివర్సిటీలో ఒక గణాంకాల గదిలో పనికి కుదిరాను. ఉద్యోగం టెంపరరీ. పొద్దున వాక్యం చదువుకుని, పెద్దమ్మ కట్టిచ్చిన రొట్టెల డబ్బా పట్టుకుని క్యాంపస్ దాకా నడిచేదాన్ని.

ఆ గదిలో మూడు యంత్రాలు ఉండేవి. ఒకటి అట్ట కార్డులకు రంధ్రాలు పొడిచేది. రెండోది ఆ రంధ్రాలను బట్టి కార్డులను వేరు చేసేది. దాన్ని సార్టర్ అనేవాళ్ళం. మూడోది వేరైన కార్డులను లెక్కపెట్టి కాగితం మీద అచ్చు వేసేది. కంప్యూటరు అన్న మాట విన్నాం గాని దాని ముఖం చూడలేదు. ఒక మనిషికి ఒక కార్డు. కార్డు మీద నిలువుగా కాలమ్‌లు. ఒక కాలమ్‌లో ఆ మనిషి ఉండే పేటకు ఒక అంకె, ఇంకో కాలమ్‌లో చదువుకు ఒక అంకె, ఇట్లా. ఏ అంకె దగ్గర రంధ్రం ఉంటే కార్డు ఆ అంకె గూట్లో పడుతుంది.

సార్టర్ నడిపే ఆయన్ను నేను అన్నా అని పిలిచేదాన్ని. నలభై దాటినవాడు, తెల్ల పైజామా, ఎప్పుడూ చెవిలో పెన్సిలు. నేను యంత్రం మీట నొక్కేముందు కళ్ళు మూసుకోవడం చూసి మొదటి వారంలోనే వేళాకోళం మొదలుపెట్టాడు.

"ఏందమ్మా, మిషిన్‌కు దండం పెడుతున్నవా?"

"మిషిన్‌కు కాదన్నా. ప్రార్థన చేసుకుంటున్న."

"అట్లయితే మీ యేసయ్యకు జర చెప్పు, గీ బెల్టు తెగకుండ చూడమను. మూడు నెలల సంది కొత్తది అడుగుతున్న, ఎవ్వడిస్తలేడు."

"చెప్పిన. ముందుగాల నూనె వెయ్యమన్నడు."

ఆయన పగలబడి నవ్వి, నిజంగానే నూనె డబ్బా అందుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు పని నేర్పడం తన బాధ్యతగా పెట్టుకున్నాడు.

ఆ యంత్రానికి ఒక్కసారికి ఒక్క కాలమే కనిపిస్తుంది. అది నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. పేటల వారీగా కావాలంటే పేట కాలమ్ మీద నడిపితే చాలు. పేటల వారీగా, మళ్ళీ ఒక్కో పేట లోపల చదువుల వారీగా కావాలంటే రెండుసార్లు నడపాలి. నేను ముందు పేట కాలమ్ మీద నడపబోయాను. ఎవరైనా అదే చేస్తారు.

"ఉల్టా చేస్తున్నవ్," అన్నాడు అన్న. "లోపలిది ముందుగాల, బయటిది వెనుక. ముందు చదువు మీద నడుపు. గూళ్ళన్ని వరుసగ ఒక్కటి చెయ్యి. గప్పుడు పేట మీద నడుపు. లోపలి వరుస చెదరదు, మంచిగ గట్లనే ఉంటది."

చేసి చూశాను. చెదరలేదు. ఒక్కో పేట గూట్లో చదువులన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి. నాకు ఒళ్ళు పులకరించింది. అరణ్యంలో నడిచిన జనాన్ని గోత్రం చొప్పున, గోత్రంలో మళ్ళీ తండ్రి ఇంటి చొప్పున లెక్కపెట్టారని చిన్నప్పటి నుంచి బైబిల్లో చదువుతున్నాను. ఆ అధ్యాయాలు వచ్చినప్పుడు ఆదివారం బడి పిల్లలమంతా ఆవలించేవాళ్ళం. ఇప్పుడు అదే పద్ధతి నా వేళ్ళ కింద జరుగుతోంది. మర్నాడు ఆ అధ్యాయాలే మళ్ళీ తీసి చదివాను, ఒక్క పేరు కూడా వదలకుండా.

అన్న ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ సార్టర్ పాతది, ఎక్కడో వాడి వాడి మాకు వచ్చింది. గూడు నిండితే దానంతట అది ఆగాలి గాని ఆగదు. పై కార్డులను నలిపేస్తుంది. అందుకే గూడు సగం కాగానే కార్డులు తీసి పక్క బల్ల మీద పెట్టాలి, మిగతావి పడ్డాక రెండు గుత్తులనూ కలపాలి. "ముందు తీసింది అడుగున పెట్టాలె. యాది పెట్టుకో. మిషిన్ అడుగు నుంచి తింటది," అన్నాడు. యాది పెట్టుకున్నాననే అనుకున్నాను.

ఆ ఏడు వానలు తగ్గాక బస్సు సంగతి వచ్చింది, ఏ పేటకు వెయ్యాలో లెక్క తేల్చే పని మా గదికి అప్పగించారు. క్యాంపస్‌లో చదివే ఆడపిల్లలు, పనిచేసే ఆడవాళ్ళు సాయంత్రం ఇళ్ళకు చేరడం కష్టంగా ఉండేది. అయిదు గంటలకు ఒక బస్సు పోయేది. సైన్సు వాళ్ళ ల్యాబులు అయిదున్నరకు గాని వదలవు. హాస్టల్ పిల్లలకు చింత లేదు. తార్నాక వాళ్ళు నడిచేవాళ్ళు. మిగతావాళ్ళు చెట్ల మధ్య దారిలో గుంపులు కట్టుకుని నడిచి, దొరికిన బస్సు ఎక్కి, దిగిన చోటి నుంచి మళ్ళీ నడవాలి. చలికాలం దగ్గరపడే కొద్దీ అయిదున్నరకే మసకేస్తుంది.

ఆ పిల్లల్లో ఒకామె మధ్యాహ్నం మా గది వరండాలో నాతో కలిసి డబ్బా తినేది. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. భువనగిరి వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. తండ్రి పట్నం వచ్చి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తూ అంబర్‌పేటలో కాపురం పెట్టాడు. ఆ ఇంట్లో బడి దాటి చదివింది ఆ పిల్ల ఒక్కతే. అంబర్‌పేటకు సాయంత్రం నేరుగా బస్సు లేదు. నల్లకుంట దాకా వచ్చి అక్కడి నుంచి నడవాలి. తండ్రి రోజూ ప్రెస్సులో పని మధ్యలో వదిలి నల్లకుంట స్టాపులో నిలబడి ఆమెను తీసుకుపోయేవాడు. ప్రెస్సు యజమాని ఇక కుదరదన్నాడు.

ఒకరోజు ఆ తండ్రే మా గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. వేళ్ళకు సిరా నలుపు. లోపలికి రమ్మంటే రాలేదు.

"బిడ్డా, బస్సుల లెక్కలన్ని నువ్వే చేస్తున్నవంట గద. మా పిల్ల చెప్పింది. బస్సొస్తదా రాదా?"

"లెక్క అయినంక తెలుస్తది పెద్దనాయనా. నేను ఇప్పుడే చెప్పలేను."

"దీపావళి దాక చూస్త. గప్పటికి రాకపోతే పిల్లను బంద్ చేపిస్త. నాకేం సంబురమా బంద్ చేసుడు? చీకట్ల ఆడపిల్ల ఒక్కతి నడుచుకుంట వస్తే నేను మిషిన్ కాడ ఎట్ల నిలబడాలె, నువ్వే చెప్పు."

ఆయన తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ పిల్ల చదువు బస్సు మీద, బస్సు మా కార్డుల మీద ఆధారపడి ఉందని అప్పుడు నాకు బాగా తెలిసింది. ఆ రాత్రి పడుకునే ముందు ప్రార్థనలో ఆమెను పేరు పెట్టి అడిగాను.

ఆడవాళ్ళందరి చేతా ఫారాలు నింపించారు. ఎక్కడ ఉంటారు, ఎన్నింటికి బయలుదేరతారు. వెయ్యికి కొంచెం ఎక్కువ ఫారాలు మా గదికి వచ్చాయి. వాటన్నిటికీ కార్డులు పొడిచింది నేనే. వృక్షశాస్త్రం చెప్పే మేడమ్ ఒకామె ఈ పనికి ముందు నిలబడ్డారు. పేటకు ఒక బస్సు కావాలంటే ఒకే వేళకు ఒకే వైపు పోయేవాళ్ళు కనీసం నలభై మంది ఉండాలని బస్సుల ఆఫీసు ఆమెకు చెప్పింది.

మా ఆఫీసరు సారుది రాయలసీమ. మనిషి మంచివాడు, కోపం ఎక్కువ. మొదటిసారి రెండు జాబితాలు తీయించాడు. పేటల వారీగా ఒకటి, వేళల వారీగా ఒకటి. అంబర్‌పేటలో అందరికంటే ఎక్కువమంది. అయిదున్నరకు బయలుదేరేవాళ్ళూ చాలామంది. మేమంతా సంతోషించాం. బస్సుల ఆఫీసు వాటిని తిప్పి పంపింది. అంబర్‌పేట వాళ్ళంతా మధ్యాహ్నమే ఇంటికి పోయేవాళ్ళు కావచ్చు గదా, అయిదున్నర వాళ్ళంతా తార్నాకలో నడిచిపోయేవాళ్ళు కావచ్చు గదా, అని అడిగింది.

సారు ఆ కాగితం చూసి బల్ల మీద కొట్టాడు. "వాళ్ళు అడిగినదాంట్లో తప్పేముందబ్బా? మనమే తెలివితక్కువ పని చేసినాము. రెండూ కలిపి తీయల్ల. పేటా, వేళా, జతగా. ఒక్కో జతకు ఎంతమందో అచ్చు వేయల్ల. ఏమ్మా, చేయగలవా?"

"చేస్తాను సార్."

"ఊరక చేస్తానంటే కాదు. ఈ వారంలో కావల్ల."

మర్నాడు అన్న, నేను కూర్చున్నాం. ముందు వేళ మీద నడిపాం. అది అయ్యేసరికి మధ్యాహ్నమైంది. అన్న భోజనానికి లేచాడు. "నేనొచ్చేదాక ఆగు," అన్నాడు. నేను ఆగలేదు. నాకు వచ్చు అనుకున్నాను. పేట మీద ఒంటరిగా నడిపాను. ఒక్కో గూట్లో కార్డులు టకటకా పడుతుంటే నాకు నేనే గొప్పగా కనిపించాను. అన్న తిరిగి వచ్చేసరికి కార్డులన్నీ పేర్చి మూడో యంత్రంలో పెట్టేశాను. సాయంత్రానికి జాబితా అచ్చయింది. నాలుగు పేజీలు. సారు దాన్ని అప్పటికప్పుడే టైపింగ్ గదికి పంపాడు.

వారం తిరగకుండా ఫలితం తెలిసింది. అయిదున్నరకు నల్లకుంట మీదుగా ఇంకో బస్సు వేస్తారట. అంబర్‌పేట, అయిదున్నర: ఇరవై ఆరు మంది. నలభైకి చాలరు. బస్సు లేదు. సోమవారం ఆఖరి సంతకాలు.

ఆ పిల్ల శుక్రవారం మధ్యాహ్నం డబ్బా తెరవకుండా కూర్చుంది.

"అక్కా, ఇరవై ఆరేంది? మా ల్యాబ్‌ల నుంచే పదమూడు మందిమి అంబర్‌పేటకు పోతం. బాటనీ వాళ్ళు పది మంది ఉంటరు. లైబ్రరీల పనిచేసే అక్కలు, ఫిజిక్సోళ్ళు... నేను రోజు వాళ్ళతోనే నడుస్తున్న గద. నాకు తెల్వదా ఎంతమందిమో?"

"అందరూ ఫారం నింపారా?"

"నేను దగ్గరుండి నింపిచ్చిన అక్కా. ఒట్టు."

"మా నాయిన నన్నేమన్నడో తెల్సా? మిషిన్ అబద్ధం చెప్తదా బిడ్డా, అన్నడు," అంది. కళ్ళు తుడుచుకుని లేచి ల్యాబుకు వెళ్ళిపోయింది. ఆమె డబ్బా వరండాలోనే మరచిపోయింది. తర్వాత నేనే తీసుకుపోయి ఇచ్చాను.

గదిలోకి వచ్చి టైపు చేసిన పట్టిక తీశాను. అడ్డంగా వేళలు, నిలువుగా పేటలు, ఒక్కో జతకు ఒక గడి. అంకెలన్నీ కూడి చూశాను. రెండోసారీ కూడి చూశాను. నేను పొడిచిన కార్డుల కంటే ముప్పై ఒకటి తక్కువ. ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళు ఫారం నింపారు, కార్డయ్యారు, పట్టికలో లేరు.

అప్పుడు టైపింగ్ గది నుంచి తిరిగొచ్చాక మూలలో పెట్టిన అసలు అచ్చు జాబితా తీసి ఒక్కో వరుస చదవడం మొదలుపెట్టాను. మా నాయన సంఘం పుస్తకం రాసేటప్పుడు ఊరి పేరు, దాని కింద ఇంటి పేరు, దాని కింద మనుషులు రాసేవాడు. ఏ ఊరి కింద ఏ ఇల్లూ రెండోసారి రాకూడదు. వస్తే ఆ ఇంటిని ఎక్కడో చీల్చాడన్నమాట. పుస్తకం మూసేముందు నాతో గట్టిగా చదివించి, రెండోసారి వినబడ్డ ఇంటి దగ్గర చెయ్యి ఎత్తేవాడు. నేను అట్లాగే పెదవులు కదుపుతూ చదివాను. నల్లకుంట వరుసలు అయ్యాయి. రెండో పేజీ అడుగున: అంబర్‌పేట, అయిదున్నర, ముప్పై ఒకటి. మూడో పేజీ మొదలు: అంబర్‌పేట, పన్నెండున్నర. తర్వాత ఒంటిగంటన్నర, మూడున్నర, నాలుగున్నర. ఆఖర్న మళ్ళీ అంబర్‌పేట, అయిదున్నర, ఇరవై ఆరు.

ఒకే జత రెండు చోట్ల ఉంది.

ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలిసిపోయింది. ఆ రోజు ఒక్క అంబర్‌పేట గూడే సగం దాటింది. ఒక గుత్తి తీసి బల్ల మీద పెట్టాను. మిగతావి పడ్డాక రెండూ కలిపాను. కలిపేటప్పుడు మొదటి గుత్తిని పైన పెట్టాను. కాగితాలు పేర్చేవాళ్ళెవరైనా మొదటి పేజీ పైన పెడతారు. చిన్నప్పటి నుంచి నా చేతికి అదే అలవాటు. యంత్రం అడుగు నుంచి తింటుంది గనుక వెనక పడ్డ అయిదున్నర వాళ్ళు ముందు వెళ్ళిపోయారు. వాళ్ళ తోటివాళ్ళు ఆఖర్న వెళ్ళారు. మధ్యలో వేరే వేళలు వచ్చేసరికి యంత్రం అది కొత్త గుంపు అనుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. టైపింగ్ గదిలో వాళ్ళకొక అలవాటు ఉంది: ఒకే వరుస రెండుసార్లు వస్తే రెండోది సరిదిద్దినదని దాన్నే తీసుకుంటారు. మా గదే వాళ్ళకు నేర్పిన అలవాటు అది. అట్లా ముప్పై ఒకటి పోయింది.

అన్ని గూళ్ళలోకీ ఎక్కువమంది ఉన్న గూటికే నా తప్పు తగిలింది. ఎక్కువమంది ఉన్నారు గనుకే తగిలింది.

అన్నకు చూపించాను. ఆయన జాబితా చూశాడు, నన్ను చూశాడు.

"నేనొచ్చేదాక ఆగమన్ననా లేదా?"

"అన్నావన్నా."

"ఇప్పుడేం చేద్దమనుకుంటున్నవ్? సార్‌కు నేను చెప్త తియ్, బెల్టు జారిందని. మిషిన్ మీద ఏస్తే ఎవ్వడడగడు. నీది టెంపరరీ నౌకరి, సోచాయించుకో."

ప్రేమతోనే అన్నాడు. ఆ మాట నన్ను లాగలేదని అనను. కాని ఆ పిల్ల తండ్రి, యంత్రం అబద్ధం చెప్పదని నమ్మి బిడ్డ చదువు ఆపబోతున్నాడు. నా తప్పును యంత్రం మీద వేస్తే అబద్ధమాడింది నేనే అవుతాను. "నేనే చెప్తానన్నా," అన్నాను. గోడ వైపు తిరిగి ఒక్క నిమిషం నిలబడి, సారు గదికి వెళ్ళాను.

సారు అంతా విన్నాడు. జాబితా మీద రెండు వరుసల కిందా నేను గీసిన గీతలు చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఏమ్మా, బుద్ధుందా నీకు? నా సంతకంతో పోయిన కాగితం అది! యాడ పెట్టుకోవల్ల నా మొగం?"

"తప్పు నాదే సార్. పైన పెట్టాల్సింది అడుగున, కాదు, అడుగున పెట్టాల్సింది పైన పెట్టాను. మళ్ళీ నడపనివ్వండి. రేపు మధ్యాహ్నానికి ఇస్తాను."

"నువ్వు చెప్పకపోయుంటే నాకు తెలిసేది కాదు గదా?"

"తెలిసేది కాదు సార్."

ఆయన జాబితా నా చేతికి తిరిగిచ్చాడు. "పో. నడుపు. ఈసారి ఆయప్ప పక్కనుంటేనే చెయ్యి. లెక్క తేడా వస్తే మాత్రం నువ్వు ఇంటికే."

శనివారం పొద్దున నేను, అన్న మళ్ళీ కూర్చున్నాం. అన్ని కార్డులనూ కలిపేసి మొదటి నుంచి నడిపాం. ముందు వేళ, వెనక పేట. అంబర్‌పేట గూడు సగం కాగానే తీసిన గుత్తి మీద పెన్సిలుతో చిన్న గీత పెట్టమన్నాడు అన్న. గీత ఉన్నది అడుగున. ఆయన చెయ్యి వెయ్యలేదు, పక్కన నిలబడి చూశాడంతే. "ఇయ్యాల ప్రార్థన జర పొడుగు చెయ్యి," అని మాత్రం అన్నాడు, నవ్వకుండా.

జాబితా అచ్చయింది. ఈసారీ నాలుగు పేజీలే, ఒక్క వరుస తక్కువ. మొదటి వరుస నుంచి గట్టిగా చదివాను, అన్న విన్నాడు. ప్రతి జతా ఒక్కసారే వచ్చింది. అంబర్‌పేట, అయిదున్నర: యాభై ఏడు. కింద మొత్తం కూడి చూశాను. కార్డుల లెక్కతో సరిపోయింది. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

సారు టైపింగ్ గదిని నమ్మలేదు. పట్టిక నా చేతే రాయించి, తానే సంతకం పెట్టి, పాత పట్టికలో మా గది పొరపాటు చేసిందని ఒక వాక్యం కింద రాశాడు. నా పేరు రాయలేదు. బాటనీ మేడమ్ సోమవారం పొద్దున్నే ఆ కాగితంతో బస్సుల ఆఫీసుకు వెళ్ళారు. మూడింటికి ఆమె మా గది గుమ్మంలో నిలబడి, "అంబర్‌పేటకు వచ్చింది. దీపావళి వారం ముందు నుంచే," అన్నారు.

ఆ బస్సు మొదటి సాయంత్రం సారు నన్ను అరగంట ముందే వదిలాడు. "పో, పోయి చూసుకో నీ యాభై ఏడును," అన్నాడు. స్టాపులో ఆడపిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. లైబ్రరీ అక్కలు, ఫిజిక్స్ పిల్లలు, ఆమ్లాల వాసన కొట్టే చీర కొంగులు. నేను రంధ్రాలు పొడిచిన అట్టలు నా ఎదుట మనుషులై మాట్లాడుతున్నాయి, ఒకరినొకరు తోసుకుంటున్నాయి. ఆ పిల్ల తండ్రి కూడా వచ్చాడు. బస్సు నిజంగా వస్తుందో రాదో చూడటానికి ఆ ఒక్కరోజుకూ సెలవు అడిగాడట.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి, "పెద్దనాయనా, అప్పుడు తప్పు చేసింది మిషిన్ కాదు, నేను," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "తప్పు జేసినవ్. దిద్దినవ్. నేను ప్రెస్సుల రోజు చేసేది గదే బిడ్డా. అచ్చరం ఉల్టా పడితే పీకి మల్ల పెడతం." అంతలో బస్సు వచ్చింది. ఆయన బిడ్డ కిటికీ పక్కన కూర్చుంది. ఆయన ఎక్కలేదు. "ఆడోళ్ళ బస్సు గద, నేను నడుస్త," అని, బస్సు మలుపు తిరిగేదాకా చూసి, నల్లకుంట వైపు నడిచి పోయాడు.

ఆ పిల్ల ఎమ్మెస్సీ ముగించింది. మొదటి తరగతిలో. తర్వాత చాలా ఏళ్ళు ఒక కాలేజీలో పాఠాలు చెప్పింది.

గర్వం పాపమని మా సంఘంలో నేర్చుకున్నాను, ఇప్పటికీ నమ్ముతాను. కాని ఈ ఒక్క సంగతిలో నాకు గర్వముంది, దాచను. మా గదిలో ఆ రోజు నుంచి ఒక పద్ధతి వచ్చింది: జాబితా గది దాటే ముందు ఒకరు గట్టిగా చదవాలి, ఒకరు వినాలి, ఒక జత రెండోసారి వినబడితే చెయ్యి ఎత్తాలి, కింద మొత్తం కార్డుల లెక్కతో సరిపోవాలి. సారు దాన్ని నాతోనే అందరికీ నేర్పించాడు. నా తర్వాత వచ్చినవాళ్ళు ఆ పద్ధతి ఎందుకు వచ్చిందో తెలియకుండానే పాటించారు. నా ఉద్యోగం మరుసటి ఏడు పర్మనెంట్ అయింది. ఆ గదిలోనే నా తల నెరిసింది. కార్డులు పోయి టేపులు వచ్చాయి, టేపులు పోయి తెరలు వచ్చాయి. రెండు కాలమ్‌ల మీద గుంపులు కట్టమంటే ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోగా కట్టేస్తున్నాయి. అయినా మొత్తం కూడి చూసుకోకుండా నేనొక్క కాగితం కూడా చేతి నుంచి వదలలేదు. ఆ అలవాటు నాకు ఇచ్చినవాడు దేవుడు. ఆయన పని నా చేతి మీదుగా జరిగిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఇంతదాకా చదివినవారు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతోపాటు ఈ మాటలు అనండి. తండ్రీ, సాయంత్రం చీకటి పడే వేళ చదువుల నుంచి, పనుల నుంచి ఇళ్ళకు బయలుదేరిన ఆడబిడ్డలందరినీ క్షేమంగా వాళ్ళ గడపలు దాటించు. మనుషులను లెక్కపెట్టే పని చేసేవాళ్ళ చేతులను నడిపించు. వాళ్ళు తప్పు చేస్తే వాళ్ళకే ముందు చూపించు, ఒప్పుకునే ధైర్యం వాళ్ళకివ్వు. మా లెక్కల్లో జారిపోయినవాళ్ళు నీ లెక్కలో ఉన్నారని మాకు నమ్మకమిచ్చావు, నీకు స్తోత్రం. ఆమేన్.